నెత్తుటి ఎరుపు వెనుక: హీమ్ పుట్టుపూర్వోత్తరాలు

రక్తానికి ఎరుపునిచ్చి, ఊపిరితిత్తుల్లో అందిన ఆక్సిజన్‌ను ఒళ్లంతా చేరవేసే హీమ్, నడుమ ఒక ఇనుప పరమాణువును నిలుపుకొన్న చిన్న అణువు. ఆ ఇనుము చుట్టూ నాలుగు నత్రజని పరమాణువులతో అల్లుకొన్న వలయాన్ని పార్ఫిరిన్ అంటారు. హీమ్‌ను గ్లోబిన్ అనే ప్రోటీన్ పట్టుకొన్నప్పుడు హిమోగ్లోబిన్ అవుతుంది. ఆ పేరును 1864లో జర్మన్ శాస్త్రవేత్త హోప్పె-జైలర్ పెట్టగా, 1929లో హాన్స్ ఫిషర్ హీమ్ రూపాంతరమైన హెమిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసి, మరుసటి ఏడు నోబెల్ బహుమతి అందుకొన్నాడు. అప్పటికీ ఒంట్లో అది ఏ ముడిసరుకుతో తయారవుతున్నదో తేలలేదు.

ఆ ముడి విప్పిన ప్రయోగం న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో 1945 ప్రాంతంలో జరిగింది. గ్లైసీన్ అనే అమైనో ఆమ్లంలో, తర్వాత గుర్తుపట్టడానికి వీలుగా బరువైన నత్రజనిని చేర్చి, ఆ పదార్థాన్ని అక్కడి శాస్త్రవేత్త డేవిడ్ షెమిన్ తానే 66 గ్రాములు తిని, ఆపై నెలల తరబడి తన నెత్తురునే పరీక్షించుకొన్నాడు. గుర్తుపెట్టిన నత్రజని హీమ్‌లో కనబడింది. కొన్ని వారాల్లో పెరిగి, చాలాకాలం నిలిచి, తర్వాత తగ్గింది. దానితో హీమ్‌లోని నత్రజని గ్లైసీన్ నుంచే వస్తుందనీ, ఎర్రకణం ఆయుస్సు సుమారు 120 రోజులనీ ఒకే ప్రయోగంతో రుజువైంది.

హీమ్ తయారీకి ఎనిమిది ఎంజైములు కావాలి. గ్లైసీన్, సక్సినైల్ కోఎంజైమ్-ఎ కలిసే మొదటి మెట్టు, చివరి మూడు మెట్లు కణంలోని మైటోకాండ్రియాలో, నడుమ నాలుగు దాని వెలుపల జరుగుతాయి. ఎముక మూలుగలో అధిక భాగం, మిగిలినది ముఖ్యంగా కాలేయంలో తయారవుతుంది. మొదటి మెట్టుకు బి6 విటమిన్ అవసరం. రెండవ మెట్టునూ చివరి మెట్టునూ సీసం అడ్డుకొంటుంది. నడుమ ఏదైనా ఎంజైము పుట్టుకతోనే తక్కువైతే సగం తయారైన పదార్థాలు పేరుకొని, పార్ఫిరియా అనే జబ్బుల కుటుంబంగా బయటపడతాయి: కొన్నింటిలో భరించరాని కడుపునొప్పి, మరికొన్నింటిలో ఎండ తగిలిన చర్మంపై బొబ్బలు. నిద్రమందు వాడిన రోగికి మూత్రం ముదురు ఎరుపైన వైనాన్ని 1889లోనే డచ్ వైద్యుడు స్టోక్విస్ నమోదు చేశాడు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో జి. పద్మనాభన్ బృందం, హిమోగ్లోబిన్‌లోనే మునిగి బతికే మలేరియా పరాన్నజీవి సైతం తన హీమ్‌ను తానే తయారుచేసుకొంటుందని 1992లో చూపడం ఈ చరిత్రలో ఎన్నదగిన ఘట్టం.

పార్ఫిరియాలు అరుదు. చివరి మెట్టులో ఇనుము అందకపోవడం మాత్రం అన్ని చోట్లా ఉన్నదే. ఇనుము దొరకని వలయంలో ఆ చోటును జింకు ఆక్రమిస్తుంది. రక్తంలో ఈ జింకు పార్ఫిరిన్‌ను కొలిచి ఇనుము లోపాన్ని పసిగడతారు. శరీరం ముసలి ఎర్రకణాల నుంచి రోజుకు 20-25 మిల్లీగ్రాముల ఇనుమును తిరిగి రాబట్టుకొంటున్నా, నెలసరిలో, కాన్పులో పోయినది తిండి నుంచే పూడాలి.

కర్ణాటకలోని చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్లాపురం సీమలో ఆ తిండి తరతరాలుగా రాగిముద్ద, ఆకుకూరల సారు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 4.6 మిల్లీగ్రాముల ఇనుము ఉన్నా, గింజలోని ఫైటేట్, పొట్టులోని వగరు పదార్థమైన టానిన్ దానిని పేగులకు చిక్కనివ్వవు. కనుక రాగుల్లో ఇనుమెంత అన్న ప్రశ్నకంటే అందులో ఒంటికి దక్కేదెంత అన్నదే అసలు ప్రశ్న. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన ఉదయశేఖరరావు, దేవస్థలే 1988లో ప్రచురించిన అధ్యయనంలో, గోధుమరంగు రాగులకంటే తెల్లరాగుల్లో ఒంటికి పట్టే రూపంలోని ఇనుము ఎక్కువనీ, మొలకెత్తించినప్పుడు రాగుల్లో ఫైటేట్, టానిన్ తగ్గి ఆ ఇనుము పెరుగుతుందనీ తేల్చారు. నానిన గింజలో మేల్కొనే ఫైటేజ్ అనే ఎంజైము ఫైటేట్‌ను విరగగొట్టడమే దీనికి ఒక కారణం. మొలకెత్తించి, ఎండబెట్టి, విసిరి, పసిబిడ్డలకు జావ కాచే పద్ధతి ఇంట్లో ఎప్పటినుంచో ఉన్నదే. పిండి అదే అయినప్పుడు, నిమ్మకాయ పిండిన ఆకుకూరతో పాటు, బాలింత పళ్లెంలోకీ అది రావడం న్యాయం. భోజనం కాగానే తాగే కాఫీని మాత్రం గంటో రెండు గంటలో వెనక్కి జరపాలి, అందులోని పదార్థాలు కూడా ఇనుమును కట్టిపడేస్తాయి.