మాయ వాకిలి

హిమాయత్‌నగర్‌లో ఒక్క అవయవానికి మూడు పేర్లు వినిపిస్తాయి. ఇక్కడి తెలుగు అకాడమి వేసిన జీవశాస్త్ర పుస్తకాల్లో అది జరాయువు. పక్కన హైదర్‌గూడ ఆస్పత్రుల స్కానింగు రిపోర్టుల్లో ప్లాసెంటా. కూతురి కాన్పుకు తోడొచ్చిన పెద్దావిడ నోట మాత్రం మాయ. "బిడ్డ బయటపడ్డది, మాయ ఇంకా పడలే" అని ఫోన్లో ఇంటికి చెబుతుంది. నాకు ఆ మూడో పేరే నచ్చుతుంది. కడుపుతో పాటే పుట్టి, పని తీరగానే తనంత తాను వెళ్ళిపోయే అవయవం ఒంట్లో మరొకటి లేదు.

తల్లి రక్తమూ బిడ్డ రక్తమూ కలవవు. రెండింటి మధ్యా మాయ కణాల పొర ఉంటుంది. ఏది లోపలికి రావాలో, ఏ కబురు అందాలో తేల్చడంలో ఆ కణాల మీది గ్రాహకాలది పెద్ద పాత్ర. గ్రాహకమంటే ఫలానా పదార్థాన్ని పోల్చుకుని పట్టుకునే ప్రోటీన్. కండరం మీద నికొటిన్, క్యురారే అనే విషం పనిచేసే తీరు చూసి, కణంలో వీటిని అందుకునేదేదో ఉండి తీరాలని కేంబ్రిడ్జి శాస్త్రవేత్త లాంగ్లీ 1905లో అన్నాడు. చాలా ఏళ్ళపాటు అది ఊహగానే ఉండిపోయింది. ఈలోగా మాయకు కావలసిన ఒక పదార్థం మాత్రం, దాన్ని పట్టుకునే గ్రాహకం సంగతి ఎవరికీ తెలియకముందే, మన చేతికొచ్చింది.

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయికి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకు రక్తం ప్రమాదకరంగా తగ్గిపోతోంది. ఈస్టు నుంచి తీసిన మార్మైట్ తినిపిస్తే కోలుకున్నారు. అందులో ఏ పదార్థం పనిచేసిందో ఆమెకూ తెలియదు. మధ్యలో కొంతకాలం కూనూరులోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసింది. అక్కడ మెకారిసన్ అనే డాక్టరు నడిపిన పోషకాహార పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే.

ఆ పదార్థం ఫోలిక్ ఆమ్లం. దాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసింది అమెరికాలోని లెడర్లీ కంపెనీ బృందం. ఆ బృందాన్ని నడిపించినవాడు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఆయనా దాని బారిన పడి బతికాడు. ఫోలిక్ ఆమ్లం స్ప్రూకూ మందే. ఆయన బృందమే ఫోలిక్ ఆమ్లానికి అడ్డుతగిలే మందులనూ తయారుచేసింది. వాటిలో ఒకటైన మెథోట్రెక్సేట్‌తో 1956లో కోరియోకార్సినోమాను లొంగదీశారు. అది మాయ కణాల నుంచే పుట్టే క్యాన్సర్. మాయను పోషించే మందూ, దారి తప్పిన మాయను అణచే మందూ ఒకే ప్రయోగశాల నుంచి వచ్చాయన్నమాట. రెండోదాని విజయం చూడకుండానే 1948లో సుబ్బారావు కన్నుమూశాడు.

ఫోలేటును (ఫోలిక్ ఆమ్లపు సహజ రూపాన్ని) పట్టుకునే గ్రాహకాన్ని 1981లో శుద్ధిచేశారు. ఎక్కడి నుంచో కాదు, మనిషి మాయ నుంచే. మాయ కణాలపై తల్లి రక్తం తగిలే వైపున ఈ గ్రాహకాలు దట్టంగా ఉంటాయి. అందుకే బొడ్డుతాడు రక్తంలో ఫోలేటు తల్లి రక్తంలో కంటే ఎక్కువ. బొంబాయి మిల్లు కార్మికురాలి రక్తం ఎందుకు పలచబడిందో సగం ఇక్కడే అర్థమవుతుంది: తల్లి దగ్గర ఉన్న కాస్తనూ మాయ బిడ్డవైపు లాగుతోంది. ఈ గ్రాహకపు జన్యువును తీసేసిన ఎలుక పిండాలు కడుపులోనే చనిపోతాయని 1999లో తేలింది. పిండంలో వెన్నుపాముగా మారే నాళం సరిగా మూసుకోని లోపానికి ఫోలిక్ ఆమ్లం ముందే అడ్డుకట్ట వేస్తుందని 1991 నాటి బ్రిటిష్ పరిశోధన అప్పటికే చూపింది.

ఆశా కార్యకర్త గర్భిణికి ఇచ్చే ఎర్రబిళ్ళలో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు అర మిల్లీగ్రాము ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. అందరూ దాన్ని ఐరన్ గోలీ అనే అంటారు. తెలుగువాడి పనితనం ఉన్న సగానికి పేరే లేదు. ఇంకో చిక్కుంది. ఆ నాళం గర్భం నిలిచిన నాలుగు వారాలకే మూసుకోవాలి. నెల తప్పిందని తెలిసి, ఆస్పత్రికి వెళ్ళి, గోలీ తెచ్చుకునేసరికి ఆ గడువు దాటిపోతుంది. గోలీ పెళ్ళినాటి నుంచే మొదలవ్వాలి గానీ, సీమంతం నాటి నుంచి కాదు.

ఫోలేటు కథలో మందు ముందొచ్చింది, గ్రాహకం తర్వాత తెలిసింది. గర్భిణులకొచ్చే గుర్రపువాతం కథ దీనికి తలకిందులు. కాళ్ళకు నీరు, తలనొప్పి, బీపీ పెరగడం, చివరికి ఫిట్స్. ఈ జబ్బును మంత్రసానులూ ఎరుగుదురు. డాక్టర్లు మూత్రాన్ని గాజుగొట్టంలో కాచి, తెల్లగా విరిగిందా లేదా అని చూసేవారు. బొగ్గులకుంటలో ఫెర్నాండెజ్ ఆస్పత్రి మొదలైన 1948లోనూ, నిలోఫర్ ఆస్పత్రి వెలసిన 1953లోనూ ఇది ఎందుకొస్తుందో ఎవరికీ తెలియదు. నిలోఫర్ రాకుమారి పరిచారిక కాన్పులో ప్రాణం పోగొట్టుకుంటేనే ఆ రెండో ఆస్పత్రి పుట్టింది.

జవాబు 2003లో బోస్టన్ నుంచి వచ్చింది. చెప్పిన బృందానికి పెద్ద అనంత్ కరుమంచి, మూత్రపిండాల వైద్యుడు. ఆ ఇంటిపేరు తెలుగు చెవికి కొత్తది కాదు. రక్తనాళాల గోడలు ఆరోగ్యంగా ఉండాలంటే వీఈజీఎఫ్, పీఎల్‌జీఎఫ్ అనే ప్రోటీన్లు అందాలి. వాటిని పట్టుకునే గ్రాహకం ఎఫ్‌ఎల్‌టీ-1. దీనికి కణంలో పాతుకోకుండా బయటికి వచ్చేసే పొట్టి రూపం ఒకటి ఉంది. రక్తం చాలక ఉక్కిరిబిక్కిరైన మాయ ఆ రూపాన్ని కుప్పలుగా తల్లి రక్తంలోకి వదులుతుంది. వాకిట్లో ఉండాల్సిన తలుపు వీధిన పడి, దారిన పోయేవాళ్ళనందరినీ పట్టేసుకున్నట్టు, అది ఆ ప్రోటీన్లన్నిటినీ కమ్మేస్తుంది. తల్లి మూత్రపిండాల్లో సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. ఈ పొట్టి గ్రాహకాన్ని ఎక్కిస్తే గర్భం లేని ఎలుకలకు సైతం బీపీ పెరిగి, మూత్రంలో ప్రోటీన్ పోయింది.

దాంతో పరీక్ష పుట్టింది. ఈ పొట్టి గ్రాహకానికీ పీఎల్‌జీఎఫ్‌కూ మధ్య నిష్పత్తి 38 లోపుంటే వారం రోజులపాటు ఆ జబ్బు భయం దాదాపు లేనట్టేనని 2016లో తేల్చారు. అమెరికా ఎఫ్‌డీఏ 2023లో ఇలాంటి పరీక్షకు అనుమతిచ్చింది. ప్రమాదం ఎక్కువున్న గర్భిణులు 11-14 వారాల మధ్యే మొదలుపెట్టి రాత్రిపూట 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వేసుకుంటే, నెలలు నిండకముందే వచ్చే రకం బాగా తగ్గుతుందని 2017లో రుజువైంది. ఫిట్స్‌ను ఆపడానికి మెగ్నీషియం సల్ఫేట్ ఉంది.

వచ్చేసిన జబ్బును నయం చేసే మందు మాత్రం లేదు. ఆ గ్రాహకాన్ని తల్లి రక్తం నుంచి వడగట్టే ప్రయత్నాలు కొద్దిమంది మీదే జరిగాయి. హైదర్‌గూడలో ఈ రాత్రి ఒక గర్భిణికి బీపీ అదుపు తప్పితే, డ్యూటీ డాక్టరమ్మ చేతిలో రిపోర్టులున్నా, ఆమె వేసే లెక్క పాతదే: బిడ్డ ఇంకెన్నాళ్ళు లోపల ఉండొచ్చు, మాయ ఎప్పుడు బయట పడాలి.