పాబ్స్ట్ మాన్షన్: కూల్చివేత అంచు నుంచి మ్యూజియం దాకా

పాబ్స్ట్ మాన్షన్ అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, మిల్వాకీ నగరంలో ఉన్న చారిత్రక భవనం. బీరు వ్యాపారంలో అపార సంపద గడించిన ఫ్రెడరిక్ పాబ్స్ట్ కుటుంబం కోసం దీన్ని 1890-92 మధ్య నిర్మించారు. ప్రస్తుతం ఇది మ్యూజియం.

ఓడ నుంచి బీరు కంపెనీకి

పాబ్స్ట్ 1836లో జర్మనీ ప్రాంతంలో పుట్టారు. 12 ఏళ్ల వయసులో తల్లిదండ్రులతో అమెరికా వచ్చారు. గ్రేట్ లేక్స్‌లో తిరిగే ఆవిరి ఓడలకు కెప్టెన్ అయ్యారు. 1862లో బీరు తయారీదారు ఫిలిప్ బెస్ట్ కుమార్తె మరియాను పెళ్లాడారు. 1863 చివర్లో తుపానులో ఆయన ఓడ ఒడ్డుకు చేరి దెబ్బతింది. ఆ తర్వాత ఓడల పని వదిలి మామగారి కంపెనీలో చేరారు. 1870వ దశకానికే అది దేశంలోని అతిపెద్ద బీరు కంపెనీల్లో ఒకటైంది. 1889లో దానికి పాబ్స్ట్ పేరు పెట్టారు.

భవనం ప్రత్యేకత

జార్జ్ బోమన్ ఫెర్రీ, ఆల్ఫ్రెడ్ క్లాస్ అనే ఆర్కిటెక్టులు ఫ్లెమిష్ పునరుజ్జీవన శైలిలో దీనికి రూపమిచ్చారు. ఇంటికి, సామగ్రికి, కళాఖండాలకు కలిపి సుమారు 2.54 లక్షల డాలర్లు ఖర్చయింది. ఆ రోజుల్లోనే ఇందులో విద్యుత్ దీపాలు, గదుల వేడిని నియంత్రించే థర్మోస్టాట్లు ఉండేవి. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో తమ బీరు కోసం కంపెనీ కట్టించిన టెర్రకోట మండపాన్ని తర్వాత ఇక్కడికి తెచ్చి, ఇంటికి ఆనించి నిలబెట్టారు.

చేతులు మారిన ఇల్లు

ఇంతా చేసి పాబ్స్ట్ ఇందులో ఉన్నది పన్నెండేళ్లు కూడా కాదు. ఆయన 1904లో, మరియా 1906లో మరణించారు. 1908లో వారసులు ఇంటిని మిల్వాకీ క్యాథలిక్ ఆర్చ్‌డయోసిస్‌కు అమ్మేశారు. అప్పటి నుంచి 1975 వరకు ఆర్చ్‌బిషప్‌ల నివాసం ఇదే. బీరు ప్రచారానికి కట్టిన మండపం వారి ప్రార్థనా మందిరంగా మారింది.

చర్చి అమ్మకానికి పెట్టాక అసలు ముప్పు వచ్చిపడింది. పక్కనున్న హోటల్ పార్కింగ్ కోసం భవనాన్ని పడగొట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. అదే వీధిలో ఒకప్పుడు వరుసగా ఉన్న సంపన్నుల భవనాలు చాలావరకు అప్పటికే నేలమట్టమయ్యాయి. వారసత్వ పరిరక్షకులు అడ్డుపడ్డారు. 1975లో భవనం జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేరింది. అయితే ఆ జాబితాలో పేరుంటే గౌరవమే తప్ప, ప్రైవేటు యజమాని కూల్చకుండా ఆపే అధికారం దానికి లేదు. అందుకే పరిరక్షణ సంస్థ ఒకటి ముందుకొచ్చి దాన్ని కొనుగోలు చేసింది. 1978లో సందర్శకులకు తలుపులు తెరిచారు.

బీరు డబ్బు ఈ ఇంటిని కట్టింది. దాన్ని నిలబెట్టింది మాత్రం ఊరివాళ్ల పట్టుదలే.