మట్టికుండలో దాచిన దస్తావేజు

గుడివాడ మాగాణిలోగాని, బందరు చుట్టుపట్లగాని పొలము కొనదలచిన రైతు మూడు సంగతులు విచారింపక బయానా యీయడు. అమ్మువానికి హక్కు కలదా? కాలువనీరు అందునా? స్వాధీనము వెంటనే దక్కునా? ఈ మూడవ ప్రశ్నకు లేదనియే సమాధానమని యెఱిగియు, సొమ్ము తూచి యిచ్చి పొలము కొన్న యొక పెద్దమనిషి కథ హెబ్రీయుల ప్రాచీన గ్రంథములలో కలదు. ఆయన యిర్మీయా ప్రవక్త.

అది క్రీస్తుపూర్వము 587 ప్రాంతము. బబులోను రాజు నెబుకద్రెజరు సేనలు యెరూషలేమును ముట్టడించి యుండెను. నగరము శత్రువుల పాలగునని పలికిన నేరమునకు సిద్కియా రాజు యిర్మీయాను చెరసాల ప్రాంగణమున నిర్బంధించెను. అట్టి వేళ పినతండ్రి కుమారుడు హనమేలు వచ్చి, అనాతోతు గ్రామములోని తన పొలమును కొనుమని యడిగెను. ఆ గ్రామము నగరమునకు ఈశాన్యమున కొలది మైళ్ల దూరమున, శత్రుసేనలు క్రమ్ముకొన్న ప్రాంతమున నున్నది.

హనమేలు పరాయివారిని గాక జ్ఞాతినే అడుగుటకు కారణము కలదు. వంశపు భూమి వంశము దాటిపోరాదనియు, దానిని విడిపించు హక్కు దగ్గరి బంధువునకు ముందుగా చెందుననియు వారి ధర్మశాస్త్రము. మనకిది వింత గాదు. భూమి చేతులు మారవలెనన్న గ్రామస్థులు, జ్ఞాతులు, పొరుగువారు, దాయాదులు సమ్మతింపవలెనని విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో పేర్కొనియే యున్నాడు.

యిర్మీయా 17 తులముల వెండి తూచి యిచ్చెను. హెబ్రీయుల షెకెలు సుమారు పదకొండున్నర గ్రాములు, మన తులమునకు ఇంచుమించు సమానము. పిమ్మట సాక్షుల చేవ్రాళ్లతో క్రయపత్రము సిద్ధమయ్యెను. ముద్రవేసి మూసినది యొకటి, తెరచియుంచినది యొకటి. తెరచినది ఎప్పటికప్పుడు చూచుకొనుటకు, మూసినది తగవు వచ్చినప్పుడు సరిచూచుటకు. ఒకే వ్రాతను ఇట్లు మూసియు తెరచియు ఉంచిన పత్రములు 1961లో మృతసముద్రము చెంత నొక గుహలో దొరకినవి. అవి క్రీస్తుశకము రెండవ శతాబ్దిలో జీవించిన బబథా యను స్త్రీ ఆస్తిపత్రములు.

ప్రవక్త ఆ పత్రములను లేఖకుడైన బారూకున కిచ్చి, చిరకాలము చెడకుండునట్లు మట్టికుండలో నుంచుమనెను. మన రాజులు భూదానములను రాగిరేకులపై చెక్కించినదియు కాలమునకు నిలుచుటకే గదా!

ఈ క్రయమునకు అర్థమేమి? నగరము కూలునని చెప్పిన నోటితోనే, ఈ దేశమున ఇండ్లును పొలములును ద్రాక్షతోటలును మరల క్రయవిక్రయములకు వచ్చునని యిర్మీయా చెప్పెను. ఊరక చెప్పిన నెవరు నమ్ముదురు? కనుక తన సొమ్ము పెట్టి చూపెను. ఆయన ఆ పొలము దున్నలేదు. నగరము పడిన కొంతకాలమునకు స్వజనులే ఆయనను ఐగుప్తునకు తీసికొనిపోయిరి. అయినను క్రీస్తుపూర్వము 538 ప్రాంతమున పారసీక రాజు కోరెషు అనుమతిపై చెరనుండి తిరిగివచ్చినవారి పట్టికలో అనాతోతువారు 128 మంది కలరు.

కృష్ణ కడలి గలియు సీమలో నివసించు మనకు ఈ కథ దూరము గాదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన బందరును ముంచి, సుమారు 30,000 ప్రాణములను బలిగొనెను. 1977 నవంబరు 19న దివిసీమకు అదే గతి పట్టెను. ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకొని పోయెను. ఉప్పునీరు నిలిచిన చేనికి ఆనాడు ధర కట్టువాడెవడు? అయినను బ్రదికినవారు సరిహద్దులు వెదకికొని, గట్లు వేసికొని, చవుడు కడిగి, మరల నారు పోసిరి. తమ యనంతరము ఎవరో ఆ చేలో కోతకు దిగుదురని వారును నమ్మిరి.

మన యిండ్ల పెట్టెలలోని పాత దస్తావేజులను ఈసారి విప్పినప్పుడు, హద్దులతోపాటు ఆ నమ్మకమును గూడ చదువుకొందము.