మిగులు లెక్క, నిష్పాక్షికత: తెలంగాణ నిధుల గణన (1956–1968)

1969లో ఉద్యమ తీవ్రత మధ్య తెలంగాణ మిగులు నిధుల లెక్క రెండుసార్లు జరిగింది. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ కార్యాలయం నుంచి వచ్చిన కుమార్ లలిత్, 1956 నవంబరు 1 నుంచి 1968 మార్చి 31 వరకు తెలంగాణకు చెందవలసి ఉండి అక్కడ ఖర్చు కాని మొత్తాన్ని 34.10 కోట్ల రూపాయలుగా తేల్చారు. ప్రధాని ఇందిరాగాంధీ 1969 ఏప్రిల్ 11న ప్రకటించిన అష్టసూత్ర పథకాన్ని అనుసరించి, సుప్రీంకోర్టు న్యాయమూర్తి వశిష్ఠ భార్గవ అధ్యక్షతన ఏర్పడిన సంఘం అదే మిగులును 28.34 కోట్లుగా నిర్ణయించింది. రాష్ట్రమూ కాలమూ ఒకటే. లెక్క కట్టినవారు ఏ ప్రాంతం తరఫునా మాట్లాడవలసిన అవసరం లేనివారు. అయినా 5.76 కోట్ల తేడా వచ్చింది. ఈ అంకెలను ఒక పక్షం ద్రోహానికి కొలతగా, మరో పక్షం అతిశయోక్తికి రుజువుగా వాడుకోవడం పరిపాటి. అవి ఎలా తయారవుతాయన్న ప్రశ్న మాత్రం పక్కన పడిపోతుంది.

అసలు మిగులు ఎక్కడి నుంచి వచ్చింది? 1955 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం రెండు కారణాలు చూపింది: తెలంగాణలో భూమిశిస్తు భారం ఎక్కువ, అబ్కారీ రాబడి ఏటా సుమారు 5 కోట్లు. ఆంధ్ర జిల్లాల్లో మద్రాసు కాలం నాటి మద్యనిషేధం కొనసాగుతుండటంతో అక్కడ ఆ రాబడి లేదు. ఆ నిషేధ వివాదంలోనే 1954 నవంబరులో ప్రకాశం మంత్రివర్గం పడిపోయిందన్న విషయాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. కనుక తెలంగాణ మిగులు ఆ ప్రాంత సంపదకు గుర్తు కాదు. శిస్తు కట్టిన రైతు, కల్లు తాగిన కూలీ ఖజానాకు ఇచ్చిన దానికంటే బడులకూ రోడ్లకూ తక్కువ ఖర్చు కావడమే దాని అర్థం. మిగులు ఎంత పెద్దదైతే వెనుకబాటు అంత లోతుగా ఉన్నట్టు.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం దీనికి రక్షణ కల్పించింది. కేంద్రీయ, సాధారణ పరిపాలన వ్యయాన్ని రెండు ప్రాంతాలూ దామాషా ప్రకారం భరించాలి. ఆపైన మిగిలిన తెలంగాణ ఆదాయాన్ని తెలంగాణ అభివృద్ధికే కేటాయించాలి. ఐదేళ్ల తర్వాత ఈ ఏర్పాటును సమీక్షించుకోవచ్చు. మాటలు స్పష్టంగానే ఉన్నాయి, పద్ధతి లేదు. దామాషా దేనికి? జనాభాకా, రాబడికా? 1961 జనగణన ప్రకారం రాష్ట్ర జనాభాలో తెలంగాణ వాటా మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ. రాబడిని కొలబద్దగా తీసుకుంటే ఉమ్మడి ఖర్చులో తెలంగాణ భరించవలసిన భాగం మారుతుంది, దానితో మిగులూ మారుతుంది. 1958 రాష్ట్రపతి ఉత్తర్వుతో ఏర్పడిన ప్రాంతీయ సంఘానికి అభివృద్ధి ప్రణాళిక, విద్య, వైద్యం వంటి విషయాలు అప్పగించారు. ఆ సంఘం ప్రశ్నించగలదు, కాని జవాబు చెప్పేందుకు ఖాతాలు సిద్ధంగా ఉండాలి.

ఖాతాలు ఆ ప్రశ్న కోసం తయారైనవి కావు. రాజ్యాంగం 202వ అధికరణం కోరే వార్షిక ఆర్థిక నివేదిక రాష్ట్రం మొత్తానికి ఒకటే. పద్దులు విద్య, నీటిపారుదల, పోలీసు అంటూ పని ప్రకారం ఉంటాయి, ప్రాంతం ప్రకారం ఉండవు. ప్రాంతాన్ని తెలుసుకోవాలంటే జిల్లా ఖజానాల నుంచి అకౌంటెంట్ జనరల్‌కు చేరే నెలవారీ లెక్కలను ఆశ్రయించాలి. ఖజానా చెప్పేది డబ్బు ఎక్కడ చేతులు మారిందన్నది మాత్రమే, ఎవరికి ఉపయోగపడిందో చెప్పదు. సచివాలయ ఉద్యోగి జీతం హైదరాబాదులో చెల్లుతుంది; ఆయన చూసే దస్త్రం శ్రీకాకుళానిది కావచ్చు. రాబడి వైపు చిక్కు ఇంకా పెద్దది. హైదరాబాదులో ప్రధాన కార్యాలయం ఉన్న సంస్థ అక్కడే అమ్మకం పన్ను కడితే, ఆ సరుకు విజయవాడలో ఖర్చైనా రాబడి రాజధాని పేరునే నమోదవుతుంది. దాన్ని తెలంగాణ రాబడి అనాలా, ఉమ్మడి రాజధాని రాబడి అనాలా? రెండింటికీ సమర్థన దొరుకుతుంది.

పెట్టుబడి వ్యయం మరో ముడి. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్‌కు కుడి కాలువ ఆంధ్ర జిల్లాలకు, ఎడమ కాలువ నల్లగొండ, ఖమ్మంతో పాటు కృష్ణా జిల్లాకూ నీరిస్తుంది. ఆనకట్ట ఖర్చును ఆయకట్టు ప్రకారం పంచాలా, నిర్మాణ స్థలం ప్రకారమా? అంతకంటే మౌలికమైనది: అప్పు తెచ్చి తెలంగాణలో పెట్టిన పెట్టుబడిని రెవెన్యూ మిగులులోంచి తీసివేయవచ్చునా? తీసివేస్తే మిగులు కరిగిపోతుంది. తీసివేయకపోతే ఆ అప్పు ఏ ప్రాంతం ఖాతాలో ఉందో చెప్పాలి. ఇది గణకుడి నిజాయితీతో తేలే విషయం కాదు. ఒప్పందం మీద సంతకం చేసినవారు ఆనాడే రాసి ఉంచవలసిన నియమం.

కాలం గడిచిపోవడం కూడా లెక్కలో భాగమే. 1957లో ఖర్చు కావలసిన రూపాయి, 1965–67 కరువుల్లో ధరలు పెరిగిన తర్వాత 1969లో అదే రూపాయి కాదు. దానికి వడ్డీ కట్టినా, ఆ పన్నెండేళ్లలో కట్టని బడిలో చదవవలసిన పిల్లల వయసు దాటిపోయింది. ఆ నష్టానికి ఏ ఖాతాలోనూ పద్దు లేదు. అర్థశాస్త్రవేత్త సి.హెచ్. హనుమంతరావు 1969 అక్టోబరులో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో ఈ మిగులు నిధుల మీద వ్యాసం ప్రచురించడంతో చర్చ వేదికల నుంచి విద్యాలోకానికి చేరింది. ప్రాంతీయ లెక్కను ఏటా శాసనసభ ముందు పెట్టి ఉంటే తగాదా చిన్న మొత్తాల దగ్గరే తేలి ఉండేది. విద్యార్థులు వీధుల్లోకి వచ్చాక జరిగిన గణన ఎంత నిష్పాక్షికమైనదైనా దాన్ని ఎవరూ తీర్పుగా స్వీకరించలేదు.

1973 సెప్టెంబరు 21 నాటి ఆరుసూత్రాల పథకం ప్రాంతీయ సంఘాన్ని అనవసరమన్నది. దాని రద్దుతో ఆ లెక్క అడిగే రాజ్యాంగబద్ధ వేదిక లేకుండాపోయింది. 2010లో శ్రీకృష్ణ కమిటీ ప్రాంతాలను పోల్చేటప్పుడు తెలంగాణ అంకెలను హైదరాబాదుతో కలిపి ఒకసారి, విడదీసి ఒకసారి చూపవలసి వచ్చింది. 2014 పునర్విభజన చట్టంలో పాత చిక్కు తలకిందులుగా తిరిగి వచ్చింది. పన్ను బకాయిలు వసూలు చేసుకునే హక్కును మదింపు జరిగిన స్థలాన్ని బట్టి, పన్ను వాపసు చేసే బాధ్యతను 58.32 : 41.68 జనాభా నిష్పత్తిని బట్టి ఆ చట్టం నిర్ణయించింది. మదింపులు ఎక్కువగా జరిగింది హైదరాబాదులో. ఈసారి అభ్యంతరం చెప్పింది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం.