కాల్చడంలోనే ఉంది కిటుకు

ఇక్కడ బనియాస్ రోడ్ల మీద తిరిగే కొత్త ట్రైలర్లలో కొన్నిటికి డీజిల్ ట్యాంకు పక్కనే చిన్న నీలం మూత కనిపిస్తుంది. అందులో పోసేది యూరియా నీళ్ళు. మన పొలాల్లో చల్లే యూరియానే, కాకపోతే బాగా శుద్ధి చేసింది. వేడికి అది అమ్మోనియాగా విడిపోయి, పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మార్చేస్తుంది. ఆ ఆక్సైడ్లే ఎండలో ఓజోన్‌కు కారణం. మా పెద్దాడికి ఆయాసం ఉంది లెండి, అందుకే చదివింది కంప్యూటర్ సైన్సయినా ఈ కథ వెంట పడ్డాను.

అమ్మోనియా ఒక్కటే చాలదు, ఉత్ప్రేరకం కావాలి. అమెరికాలో ఎంగెల్‌హార్డ్ కంపెనీ 1957లోనే ఈ పద్ధతికి పేటెంటు తీసుకుంది. కానీ ప్లాటినం పనిచేసే తక్కువ వేడిలో అమ్మోనియం నైట్రేట్ తయారయ్యే ప్రమాదం ఉంది. పేలుడు పదార్థం కదా! 1970ల్లో జపాన్ వాళ్ళు టైటానియం ఆక్సైడ్ మీద వనాడియం ఆక్సైడ్ పూసి బాయిలర్ల పొగకు అడ్డం పెట్టారు. 300-400 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది చక్కగా పనిచేస్తుంది.

అసలు తమాషా అంతా దాని తయారీలో ఉంది. పొడిని కొలిమిలో కాలుస్తారు. తక్కువ కాలిస్తే లవణాలు పూర్తిగా ఆక్సైడ్లుగా మారవు. ఎక్కువ కాలిస్తే టైటానియా అనటేజ్ రూపం వదిలి రూటైల్ అయిపోతుంది, సన్నటి రంధ్రాలు పూడిపోతాయి, ఇక అమ్మోనియా అంటుకోడానికి చోటే ఉండదు. పైగా వనాడియం ఈ మార్పును తొందరపెడుతుంది. పనిచేసేదీ అదే, కొంప ముంచేదీ అదే! టంగ్‌స్టన్ కలిపేది కొంతవరకు దీన్ని ఆపడానికే.

మన హైదరాబాదు ఇక్కడే వస్తుంది. తార్నాకలోని ఐఐసీటీలో బెంజరం ఎం. రెడ్డి గారి బృందం ఇలాంటి మిశ్రమ ఆక్సైడ్లను 500 నుంచి 800 డిగ్రీల దాకా కాల్చి, లోపల ఏం మారిందో రామన్, ఎక్స్‌రే పద్ధతుల్లో చూసింది. సీరియా-టైటానియా మీద వనాడియం పూస్తే, ఎక్కువ వేడిలో అది సీరియాతోనే జతకట్టి సీరియం వనాడేట్ అవుతుందని 2003లో వాళ్ళు ప్రచురించారు. ఏ డిగ్రీ దగ్గర ఏం పాడవుతుందో ఇలా ఓపిగ్గా చూసేవాళ్ళ గురించి పేపర్లలో ఎందుకు రాయరో!

లారీల్లో ఇది ఉత్త లాబ్ ముచ్చట కాదు. మసి వడపోతలో పేరుకున్న మసిని కాల్చేటప్పుడు వేడి 600 డిగ్రీలు దాటొచ్చు. అమెరికాలో 2010 నిబంధనలకు చాలామంది వనాడియం వదిలి రాగి, ఇనుము కలిపిన జియోలైట్లకు మళ్ళింది అందుకే. మన దేశంలో 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చాక, ఆ నీలం మూత మన లారీల్లోనూ మామూలైపోయింది.