కారు మైలేజ్ టిప్స్: డౌన్‌లో న్యూట్రల్ వేస్తున్నారా? పెట్రోల్ ఆదా సంగతేమో కానీ.. రిస్క్ మాత్రం పక్కా!

వరంగల్: తెలంగాణలో లీటర్ పెట్రోల్ ధర 2021లో వంద రూపాయలు దాటింది. ఆ తర్వాత మళ్లీ వంద లోపుకు దిగిరాలేదు. దాంతో మైలేజ్ కోసం ఎవరికి తోచిన చిట్కా వాళ్లు వాడుతున్నారు. అందులో బాగా పాపులర్ అయింది, డౌన్ రాగానే గేర్ తీసి న్యూట్రల్‌లో వదిలేయడం. మరి దీంతో నిజంగా పెట్రోల్ మిగులుతుందా? మాన్యువల్ గేర్ కారు నడిపేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన విషయాలివే.

న్యూట్రల్ వేస్తే ఏం జరుగుతుంది?

కార్బొరేటర్ ఉన్న పాత అంబాసిడర్, మారుతి 800 కార్ల రోజుల నుంచి వస్తున్న అలవాటు ఇది. ఇప్పటి కార్లలో ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది. గేర్‌లో ఉండగా యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేస్తే, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. అది గమనించి కంప్యూటర్ ఇంజిన్‌కు ఇంధనం ఆపేస్తుంది. ఆర్‌పీఎం బాగా తగ్గాకే మళ్లీ ఇస్తుంది. అదే న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోల్ కాలుతూనే ఉంటుంది.

న్యూట్రల్‌లో బండి ఇంకాస్త దూరం దొర్లుతుంది, నిజమే. కానీ ఇంజిన్ పట్టు పోతుంది. భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. కొందరైతే ఏకంగా ఇంజిన్ కూడా ఆపేస్తారు. ఇది మరీ డేంజర్. బ్రేక్ పెడల్ గట్టిపడుతుంది, పవర్ స్టీరింగ్ పని చేయదు. కాజీపేట బ్రిడ్జి దిగేటప్పుడు ఎదురుగా ఎవరైనా అడ్డొస్తే బండి కంట్రోల్ కాదు. కాబట్టి డౌన్‌లో గేర్‌లోనే ఉంచి, యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే చాలు.

గేర్ ఎప్పుడు మార్చాలి?

ఇంజిన్ అరిచేదాకా ఆగొద్దు. మామూలుగా పెట్రోల్ కారులో 2000 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య, డీజిల్‌లో 1500 నుంచి 2000 మధ్య పై గేర్ వేసుకోవచ్చు. అలాగని తక్కువ స్పీడ్‌లో టాప్ గేర్ వేసి లాగించొద్దు. బండి వణికితే, కొట్టుకుంటున్న శబ్దం వస్తే వెంటనే కింది గేర్‌కు రావాలి.

ట్రాఫిక్‌లో..

వరంగల్ చౌరస్తా, పోచమ్మ మైదాన్ లాంటి రద్దీ చోట్ల చాలామంది క్లచ్ మీద కాలు పెట్టే నడుపుతారు. ఎత్తు మీద ఆగితే హాఫ్ క్లచ్‌తో బండిని నిలబెడతారు. దీంతో ఇంధనం వృథా, క్లచ్ ప్లేట్ అరుగుదల కూడా. ఎత్తులో హ్యాండ్ బ్రేక్ వాడండి. పది సెకన్ల కంటే ఎక్కువ ఆగాల్సి వస్తే, ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేయడమే మేలని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. అయితే బండి పూర్తిగా ఆగాకే ఇంజిన్ ఆపాలి.

హైదరాబాద్ రోడ్డెక్కితే..

స్పీడ్ 80 నుంచి 100కు పెంచితే గాలి నిరోధం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. హన్మకొండ నుంచి హైదరాబాద్‌కు రానూపోనూ సుమారు 290 కిలోమీటర్లు. లీటర్‌కు 15 కిలోమీటర్లు ఇస్తే 19 లీటర్లకు పైగా కావాలి. 18 ఇస్తే 16 లీటర్లు సరిపోతాయి. అంటే ఒక్క ట్రిప్‌కే 300 రూపాయలకు పైగా మిగులుతుంది. జనగామ దాటాక రోడ్డు ఖాళీగా ఉందని తొక్కేస్తే ఈ డబ్బులే పోతాయి. స్పీడ్‌లో అద్దాలు దించినా గాలి బండిని వెనక్కి లాగుతుంది. అక్కడ అద్దాలు ఎత్తి, ఏసీ వేసుకోవడమే నయం.

ఎండాకాలం టైర్లలో గాలి తగ్గించాలా?

వద్దు. గాలి తక్కువైతే టైరు ఎక్కువ నలిగి మరింత వేడెక్కుతుంది, పేలే ప్రమాదమూ ఉంటుంది. ఎంత గాలి ఉండాలో డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్‌పై రాసి ఉంటుంది. టైర్లు చల్లగా ఉన్నప్పుడే చెక్ చేయించాలి. డిక్కీలో అక్కర్లేని బరువు తీసేయండి. పైన క్యారియర్ ఖాళీగా ఉంటే విప్పేయండి.

మైలేజ్ పెరిగిందో లేదో ఇలా చూడండి

ట్యాంక్ ఫుల్ చేయించి ట్రిప్ మీటర్ సున్నా చేయండి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో మళ్లీ ఫుల్ చేయించండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే అసలు మైలేజ్ తేలిపోతుంది. మూడు, నాలుగు సార్లు రాసి పెట్టుకుంటే తేడా మీకే తెలుస్తుంది.