కాఫీ, తేనీరు : ఆంగ్లదేశమున స్త్రీపురుషభేద విచారము

కాఫీ పురుషుల పానీయమనియు, తేనీరు స్త్రీల పానీయమనియు నొక మాట ఆంగ్లదేశపు సాంఘికచరిత్రములందు తరచుగా కానవచ్చును. దీనికి సాక్ష్యముగా చూపబడునది 1674 లో లండనున అచ్చుపడిన యొక చిన్న పుస్తకము. ‘కాఫీకి వ్యతిరేకముగా స్త్రీల విన్నపము’ అని దాని పేరు. ఈ సాక్ష్యము పరీక్షకు నిలుచునా? ఈ భేదము నాలుకయందు పుట్టినదా, మరియొకచోట పుట్టినదా? ఇదియే యిచ్చట విచార్యము.

లండనునగరమున మొదటి కాఫీశాలను 1652 లో పస్క్వా రోజే యనునాతడు తెరచెను. ఒక పెన్నీ నాణెము నిచ్చినవాడు కాఫీ త్రాగుచు, వార్తాపత్రికలు చదువుచు, ఓడల రాకపోకలను ధరవరలను వినుచు ఎంతసేపైనను కూర్చుండవచ్చును. వర్తకుడును, కవియు, న్యాయవాదియు అచ్చట నొకే బల్లయొద్ద చేరుచుండిరి. స్త్రీ యచ్చటికి అతిథిగా వచ్చుట అరుదు. ఐనను యజమానురాలుగా నుండుటకు ఆటంకము లేకుండెను. భర్త గతించిన పిదప కాఫీశాలను నడపిన వితంతువులు పలువురు గలరు. పదునెనిమిదవ శతాబ్దమున కోవెంటుగార్డెనునందు మాల్ కింగ్ నడపిన శాల సుప్రసిద్ధము. కాచి పోయించినది స్త్రీ, కూర్చుండి త్రాగినది పురుషుడు.

ఇక విన్నపము మాట. కాఫీ త్రాగి త్రాగి భర్తలు ఎండిపోయి సంతానమునకు అయోగ్యులగుచున్నారట. దినమంతయు కాఫీశాలలో చేరి వదరుటయందు ఆడువారిని మించుచున్నారట. కావున అరువదేండ్లకు లోబడిన వారెవ్వరును దానిని త్రాగరాదని శాసింపవలెనట; మారుగా పుష్టికరమగు బీరును త్రాగింపవలెనట. ఆ సంవత్సరముననే ‘పురుషుల ప్రత్యుత్తరము’ అను మరియొక పుస్తకము వెలువడినది. ఈ విన్నపమున గ్రంథకర్తృనామము లేదు. వదరుబోతుతనము స్త్రీసహజమను ఎత్తిపొడుపును స్త్రీలే తమ మొరలో ఒప్పుకొందురా? బీరును పొగడిన తీరు చూడగా గ్రంథకర్త పానశాలల పక్షమువాడేమో యని కూడ తోచును. ఇది పురుషరచితమగు పరిహాసగ్రంథమే కావచ్చునని నేటి చరిత్రకారులలో పెక్కురి యభిప్రాయము. అదియే నాకును సమ్మతము. దీనిని స్త్రీల రుచికి ప్రమాణముగా గైకొనుట, ప్రహసనమందలి విదూషకుని పలుకును ధర్మశాస్త్రముగా గైకొనుటవంటిది. 1675 డిసెంబరు 29 న రెండవ ఛార్లెసు కాఫీశాలలను మూయించుటకు ప్రకటన చేసి, పది దినములకే వెనుకకు తీసికొనెను. ఆ ప్రకటనకు హేతువులు అసత్యవార్తావ్యాప్తియు, రాజనిందయు, పనివారు కాలమును వృథపుచ్చుటయు; భార్యల మొర గాదు.

ఐనను పరిహాసమునందును కొంత సత్యముండును. కాఫీయొక్క నలుపును చేదును ఆ పుస్తకము తిట్టినను, అందలి అసలు ఫిర్యాదు మగవాడు ఇంట నుండకుండుటయే. స్థానమునుబట్టి పానమును నిందించుట మనకును క్రొత్త గాదు. మనుస్మృతి నవమాధ్యాయమున స్త్రీలను చెరచు నారింటిలో పానము మొదటిది. దానివెంటనే దుర్జనసంసర్గము, పతివిరహము, అటనము, అకాలనిద్ర, అన్యగృహవాసము చెప్పబడినవి. అచ్చట పానమనగా మద్యమే, నిజము. కాని తక్కినవానిలో పెక్కులు గడప దాటుటకు సంబంధించినవే గదా.

తేనీటి కథ చూడుడు. నౌకాదళ కార్యాలయోద్యోగి యగు సామ్యూల్ పీప్స్ తాను మొదటిసారి తేనీటిని తెప్పించుకొని త్రాగినట్లు 1660 సెప్టెంబరు 25 నాటి దినచర్యలో వ్రాసికొనెను. 1667 జూను 28 న అతడు ఇంటికి వచ్చునప్పటికి భార్య తేనీరు కాచుచుండెను. జలుబునకు మంచిదని మందులవాడు చెప్పెనట. భర్తకు కార్యాలయమున వింతగా దొరకినది ఏడేండ్లకు భార్యకు ఇంటిలో ఔషధమైనది. ఆకును కొని యింట కాచుకొనుటకు వీలుండుటయే దీని విశేషము. అప్పటి వెలనుబట్టి ఆ యాకు పెట్టెకు తాళము వేసి, చెవి గృహిణి యొద్ద నుంచుకొనెడిది. మచిలీపట్టణమున 1611 లో వర్తకశాల నెలకొల్పిన కుంపిణీయే ఆ యాకును చీనానుండి తెప్పించునదియు. థామస్ ట్వైనింగ్ 1706 లో కాఫీశాల తెరచి, 1717 లో దాని ప్రక్కనే పొడి తేయాకు నమ్ము అంగడి పెట్టెను. కాఫీశాలలోనికి రాని స్త్రీలు అంగడిలోనికి రాగలిగిరి. మన పట్టణముల పాత హోటళ్లలో ‘ఫ్యామిలీ’ యని వ్రాసిన తెరచాటు గదులను చూచినవారి కీ యేర్పాటు సులభముగా బోధపడును.

తేనీరు స్త్రీల రుచియే యన్నచో డాక్టరు జాన్సను మాట యేమి? 1756 లో జోనాసు హాన్వే తేయాకును దూషించి యొక వ్యాసము వ్రాయగా, జాన్సను తాను ఏండ్లతరబడి తేనీటికి దాసుడనని చెప్పుకొనుచు 1757 లో దానిని ఖండించెను.

జర్మనీయందు ఈ కథ తలక్రిందులైనది. అచ్చట స్త్రీలు ఇండ్లలో గుంపులుగా చేరి త్రాగినది కాఫీ. 1715 లో లైప్సిగునగరమున వెలువడిన స్త్రీల నిఘంటువునందు ఆ గోష్ఠికి ప్రత్యేకముగా ఒక పదమే చేరినది. 1730-40 ల నడుమ బాఖ్ కూర్చిన కాఫీగేయనాటికలో మానుమని బెదరించునది తండ్రి, మానని యామె కూతురు. పెండ్లి యొడంబడికలో కాఫీ కాచుకొను హక్కును వ్రాయించుకొనకుండ ఆమె వరు నంగీకరింపదు. లండనున పురుషపానీయమని పేరొందినది లైప్సిగున కూతురి పక్షము చేరుట గింజ గుణము వలన గాదు.

1784 లో తేయాకుపై పన్ను నూటికి 119 నుండి పండ్రెండున్నరకు తగ్గెను. తేనీరు అందరి పానీయ మగుట కిది ముఖ్యకారణము. కాఫీశాలలు క్రమముగా క్షీణించినవి. కొన్ని సభ్యులకు మాత్రమే ప్రవేశముగల క్లబ్బులైనవి. 1693 లో చాకొలెటు పానీయశాలగా మొదలైన వైట్సు అట్టిదే. అచ్చటి పానీయములు మారెను; స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనరాదను నియమము ఇరువదవ శతాబ్దము ముగిసిన తరువాతను నిలిచియే యున్నది.